గుర్వమ్మ హస్తవాసి

దసరా సెలవులు అయిపోయిన సోమవారం పొద్దున ప్రవళిక వేసుకున్న పథకం చాలా చిన్నది. ల్యాబు తాళం తీయాలి. సెలవులకు ముందు ప్రయోగం చేసి, ఫలితం చూడకుండానే వదిలిపోయిన ఫ్లాస్కును పరీక్షించాలి. ఎప్పటిలాగే కావలసింది రాలేదని పుస్తకంలో రాయాలి. పది గంటలకల్లా క్యాంటీనుకు పోయి ఉప్మా తినాలి. ఆరేళ్లుగా ఆమె పరిశోధన ఈ నాలుగు పనులతోనే నడుస్తోంది. వాటిలో ఇంతవరకు ఆమెను నిరాశపరచనిది ఉప్మా ఒక్కటే.

ఆమె చేస్తున్నదేమిటో దేవరకొండ దగ్గర పత్తి వేసుకునే ఆమె బాపు యాదయ్యకే తెలియదు కనుక, పాఠకులకు చెప్పడం న్యాయం. బతుకమ్మ ఆటలో ఆడవాళ్లు గుండ్రంగా నిలబడినట్టు ఆరు కర్బన పరమాణువులు గుండ్రంగా నిలబడితే దాన్ని బెంజీన్ వలయం అంటారు. రెండు వాడకట్టుల వాళ్లు, అంటే రెండు వీధుల వాళ్లు, పక్కపక్కనే ఆడుతున్నారనుకోండి. ఆట ఆగకూడదు, గుండ్రం చెదరకూడదు, కానీ ఈ వాడకట్టు గుండ్రంలోని ఒక కర్బనం ఆ వాడకట్టు గుండ్రంలోని ఒక కర్బనంతో చెయ్యి కలపాలి. అదీ ఎవరు పడితే వాళ్లు కాదు, ఫలానా ఆమె ఫలానా ఆమెతోనే. మందుల కంపెనీలకు ఇలాంటి జంట వలయాలంటే ప్రాణం. ప్రవళిక ఫ్లాస్కులో మాత్రం ఈ వాడకట్టు వాళ్లు తమలో తాము, ఆ వాడకట్టు వాళ్లు తమలో తాము చేతులు కలుపుకుని కూర్చునేవారు. అటువాళ్లూ ఇటువాళ్లూ కలిసింది అరుదు.

పల్లేడియం అనే లోహం పిసరంత ఉంటే చాలు, ఈ పని చక్కగా అవుతుంది. లోకమంతా అలాగే చేస్తుంది. కానీ నల్గొండ శివారులోని ఆ పీజీ కాలేజీలో ప్రవళిక గైడు దామోదర్ సారు, పల్లేడియం ఊసెత్తకుండా వట్టి ఇనుప పొడితోనే చేసి చూపించాలని పంతం పట్టారు. ఆ పంతంలో శాస్త్రం పాలు కొంతే, మిగతాదంతా పక్క ల్యాబు విజేందర్ సారు పాలు. విజేందర్ సారు పల్లేడియంతోనే పని చేస్తారు. నాలుగేళ్ల కింద ఆయన దామోదర్ సారు ఫ్రిజ్‌లో మామిడికాయ తొక్కు డబ్బా పెట్టారు. ఆ వాసన ఒక ఏడాది పాటు రసాయనాలను వదలలేదు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఆ ల్యాబు నుంచి చీపురుపుల్ల కూడా ఈ ల్యాబులోకి రాకూడదని దామోదర్ సారు ఆజ్ఞ.

పెద్దల పంతాలు పెద్దలకు ముద్దు. గడువు మాత్రం ప్రవళికది. దాన్ని ఇప్పటికే మూడుసార్లు పొడిగించారు. వచ్చే వారం గురువారం కమిటీ వస్తోంది. ఆ రోజు ఫలితం చూపించకపోతే పీహెచ్‌డీ జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. ఆరేళ్లు తూములో పోసినట్టే. ఇంటి దగ్గర యాదయ్య తన బిడ్డ డాక్టరవుతోందని ఎప్పుడో చాటించేశాడు. వాడకట్టులో ఒకరిద్దరు మోకాళ్ల నొప్పులు ఆమెకు చూపించుకోవడానికే దాచిపెట్టుకున్నారు.

ఆ సోమవారం ప్రవళిక ఫ్లాస్కులోని ద్రవాన్ని సన్నటి ప్లేటు మీద చుక్క పెట్టి పరీక్షించింది. మూడు మచ్చలు తేలితే మూడు రకాల సరుకు కలగాపులగంగా ఉన్నట్టు. ఒక్కటే తేలితే కోరుకున్న జంట ఒక్కటే ఉన్నట్టు. ఆరేళ్లుగా మూడే. ఆ రోజు ఒక్కటి తేలింది. ఆమె స్టూలు మీద కూర్చుని మళ్లీ చూసింది. ఒక్కటే. సంతోషం పట్టలేక "అవ్వా!" అని అరిచింది. ల్యాబులో నేల తుడుస్తున్న గుర్వమ్మ ఉలిక్కిపడి బకెట్టును తన్నేసింది.

గుర్వమ్మ ఆ ల్యాబు అటెండరు. ఫ్లాస్కులు కడగడం, లోపల మ్యాగ్నెట్ వేసి స్టాండుకు బిగించి ఇవ్వడం ఆమె పని. మందులు తూచి పోయడం ప్రవళిక పని. మ్యాగ్నెట్ అంటే మరేమీ కాదు, మందుగోళి అంత తెల్లటి అయస్కాంతం. ఫ్లాస్కులో గిరగిరా తిరుగుతూ మందులను కలియబెడుతుంది.

కబురు విని దామోదర్ సారు పరుగున వచ్చారు. మచ్చ చూశారు. మొహం వెలిగింది. వెంటనే ఆరింది.

"మళ్లొకసారి చెయ్" అన్నారు.

ప్రవళిక మళ్లీ చేసింది. మూడు మచ్చలు. మంగళవారం ఇంకోసారి చేసింది. మూడు మచ్చలు. దామోదర్ సారు మొదటి ఫ్లాస్కు వైపు తేరిపార చూశారు. దాని మెడకు పసుపు, పొట్టకు కుంకుమ బొట్టు, మూతికి ఒక జమ్మి ఆకు అంటుకుని ఉన్నాయి. పండుగనాడు కాలేజీ ఉండదు కనుక గుర్వమ్మ పండుగనే ముందుకు జరిపి, సెలవులిచ్చే రోజే ల్యాబు సామానుకు ఆయుధ పూజ చేసేసింది.

"సార్, పూజతోని అయిందంటరా?" అంది ప్రవళిక.

"నేను మూఢనమ్మకాలు నమ్మ. గందుకే పూజను శాస్త్రీయంగ చేద్దాం" అన్నారు సారు. "గుర్వమ్మను పిలువు."

గుర్వమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"గుర్వమ్మా, సెలవులకు ముందుగాల గీ ఫ్లాస్కుకు ఏం జేసినవ్?"

"నేనేం జెయ్యలే సారూ."

"కుంకుమ?"

"కుంకుమ బెట్టిన. అది అందరు బెడ్తరు సారూ."

"ఇంకా?"

"పసుపు. నిమ్మకాయ గోసిన. కర్పూరం ముట్టిచ్చిన. జమ్మాకు వెట్టిన. కొబ్బరికాయ గొట్టిన, గని నీళ్లు గిన్నెలనే వట్టిన. కింద ఒక్క సుక్క వడలే."

"ఇంకా? జర యాది జేస్కో."

"ఇంకేం లేదు సారూ. ఒట్టు."

ఇంకొకటి ఉంది. ఆ రోజు కడుగుతుంటే మ్యాగ్నెట్ గుర్వమ్మ చేతిలోంచి జారి తూములో పడిపోయింది. కొత్తవి ఉన్న బీరువా తాళం దామోదర్ సారు జేబులో ఉంది, ఆ జేబు సారుతో పాటు మీటింగులో ఉంది. గుర్వమ్మ వరండా దాటి, విజేందర్ సారు ల్యాబులో సింకు పక్కన పడి ఉన్న పాత మ్యాగ్నెట్ ఒకటి తెచ్చి ఫ్లాస్కులో వేసింది. సెలవుల తర్వాత దాన్ని శుభ్రంగా కడిగి ఎక్కడిది అక్కడ పెట్టేసి, బీరువాలోంచి కొత్తది తీసుకుంది. చీపురుపుల్ల కూడా రాకూడని చోటి నుంచి మ్యాగ్నెట్ తెచ్చిన సంగతి ఒప్పుకుంటే ఉద్యోగం ఉంటుందా అని ఆమె భయం. ఆ మ్యాగ్నెట్‌లో ఏముందో ఆమెకు తెలియదు, అడిగేవాళ్లకు అడగాలనే తెలియదు.

"రేపు గా రోజు ఎట్ల జేసినవో గట్లనే చెయ్యాలె. ఒక్కటి తక్కువ కావద్దు, ఒక్కటి ఎక్కువ కావద్దు" అన్నారు సారు.

గుర్వమ్మ తల ఊపింది. పెద్దవాళ్లు చెప్పింది చెప్పినట్టు చేయడం ఆమెకు అలవాటు. బుధవారం పొద్దున పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, కొబ్బరికాయ తెచ్చింది. అన్నీ ఆ రోజులాగే ఉండాలన్నారు కనుక, ఎవరూ చూడకుండా వరండా దాటి ఆ పాత మ్యాగ్నెట్ కూడా తెచ్చింది. విజేందర్ సారు దగ్గర పరిశోధన చేసే పిల్లలు ఇంకా పండుగ నుంచి తిరిగి రాలేదు, ల్యాబు ఖాళీగా ఉంది. పూజ అయింది. మూడు గంటల తర్వాత ప్లేటు మీద మచ్చ ఒక్కటే తేలింది.

దామోదర్ సారు కొబ్బరి ముక్క నములుతూ గోడ మీది బోర్డుపై గళ్లు గీశారు. కర్పూరం, నిమ్మకాయ, పసుపు, కుంకుమ, జమ్మి, కొబ్బరికాయ. ఒక్కొక్కటీ తీసేస్తూ పోవాలి, ఏది తీసేస్తే ప్రయోగం చెడిపోతుందో అదే అసలు గుట్టు. నిమ్మకాయ మీద ఆయనకు గట్టి అనుమానం, అందులో ఆమ్లం ఉంటుంది. పసుపు మీద ప్రవళికకు అనుమానం, అందులోనూ బెంజీన్ వలయాలు ఉంటాయి. కుంకుమ మీద ఇద్దరికీ అనుమానం, ఈ కాలంలో అందులో ఏం కలుపుతున్నారో తయారుచేసేవాడికే తెలియాలి.

గురువారం కర్పూరం మానేశారు. ఒక్క మచ్చ. నిమ్మకాయ మానేశారు. ఒక్క మచ్చ. శుక్రవారం పసుపు, కుంకుమ పోయాయి. ఫలితం చెక్కుచెదరలేదు. శనివారం జమ్మి ఆకు, కొబ్బరికాయ కూడా తీసేస్తే పూజలో దేవుడికి చూపించడానికి ఏమీ మిగల్లేదు. అయినా ఒక్కటే మచ్చ. ప్రతిసారీ గుర్వమ్మ ఫ్లాస్కు కడిగి, వరండా దాటి పోయి వచ్చి, బిగించి ఇచ్చేది. పని కాగానే మళ్లీ వరండా దాటేది. ఆ నడకను ఎవరూ గళ్లలో రాయలేదు.

దామోదర్ సారు బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డారు. గళ్లన్నీ కొట్టేసి ఉన్నాయి.

"ప్రవళికా, అన్నీ దీసేసినంక ఇంకేం మిగిలింది?"

"ఏం మిగల్లే సార్."

"మిగిలింది. గుర్వమ్మ మిగిలింది."

ప్రవళిక నవ్వబోయి ఆగింది. సారు నవ్వడం లేదు. సోమవారం గుర్వమ్మను క్యాంటీనులో కూర్చోబెట్టి, ప్రవళిక తానే ఫ్లాస్కు కడిగి, బీరువాలోని కొత్త మ్యాగ్నెట్ వేసి ప్రయోగం చేసింది. మూడు మచ్చలు. మధ్యాహ్నం గుర్వమ్మను పిలిచారు. ఒక్క మచ్చ. దామోదర్ సారు కుర్చీలో కూలబడి, తన ముప్పై ఏళ్ల సర్వీసులో ఇంత స్పష్టమైన ఫలితం చూడలేదన్నారు. డాక్టర్లలో హస్తవాసి ఉన్నవాళ్లుంటారని అందరూ ఒప్పుకుంటారు, కెమిస్ట్రీలో మాత్రం ఎందుకు ఉండకూడదు?

మంగళవారమంతా గుర్వమ్మ చేతుల మీద పరిశోధన జరిగింది. గాజులు తీయించారు, ఒక్క మచ్చే. వెండి కడియం తీయించారు, ఒక్క మచ్చే. చెమటలో ఏదైనా లోహం ఉందేమోనని రెండు అరచేతులనూ వడపోత కాగితాల మీద అద్ది, కుడి, ఎడమ అని రాసి, తేదీ వేసి, కవరులో పెట్టి అంటించారు. ఆ కవరును గుర్వమ్మ భయంగా చూసింది. వేలిముద్రలు ఎవరివి తీసుకుంటారో ఆమెకు తెలియని సంగతి కాదు.

కాలేజీలో ఈ కబురు దాచినా దాగలేదు. ఫిజిక్సు వాళ్లు రెండేళ్లుగా పనిచేయని యంత్రాన్ని మోసుకొచ్చి "అవ్వా, ఒక్కసారి ముట్టు" అన్నారు. బోటనీ వాళ్లు మొలకెత్తని విత్తనాలు తెచ్చారు. ప్రిన్సిపాల్ రామచంద్రం గారికైతే ఇంకో దిగులు పట్టుకుంది. వేరే కాలేజీ వాళ్లు ఈమెను ఎత్తుకుపోతే? గుర్వమ్మకు ఫ్యాను కింద మెత్తటి కుర్చీ వేయించి, గేటు దాటనివ్వొద్దని వాచ్‌మన్‌కు చెప్పారు. శుక్రవారం మనుమరాలిని ఉయ్యాలలో వేసే తొట్టెల వేడుక ఉంది, రెండు రోజులు సెలవు కావాలని గుర్వమ్మ అడిగితే ఆయన దండం పెట్టినంత పని చేశారు.

"గురువారం దాక యాడికి వోవద్దమ్మా. కమిటీ వస్తది. నీ చేతులు చూస్తది. గది అయినంక మాట్లాడుదం."

కుర్చీలో కూర్చోబెట్టారు, వేలిముద్రలు తీసుకున్నారు, గేటు దగ్గర కాపలా పెట్టారు, కమిటీ వస్తుందన్నారు. గుర్వమ్మ ఇక ఆగలేక భర్త మల్లప్పకు ఫోను చేసింది. "నన్ను వట్టుకున్నరు. జల్ది రా."

మల్లప్ప దేవరకొండ దగ్గర ఒక గూడెంలో గొర్లు కాస్తాడు. గొర్లను పక్కవాడికి అప్పజెప్పి, భుజాన గొంగడి వేసుకుని బుధవారం పొద్దున్నే బస్సు దిగాడు. భార్య చెవిలో చెప్పిందంతా విని, తల గోక్కుని, నేరుగా దామోదర్ సారు దగ్గరికి పోయి చేతులు జోడించాడు.

"సారూ, ఆడమనిషి. తెల్వక జేసింది. మందల మంచి పొట్టేలున్నది, తోల్కొచ్చి మీ గుంజకు కట్టేస్త. ఇడిసిపెట్టున్రి."

దామోదర్ సారుకు అందులో ఒక్క మాటా ఎక్కలేదు. ఆయన చూపు మల్లప్ప జోడించిన చేతుల మీద నిలిచింది. గుర్వమ్మతో నలభై ఏళ్లు కాపురం చేసిన చేతులు. ఒకే ఇంటి నీళ్లు, ఒకే ఇంటి తిండి.

"ప్రవళికా! ఈయనతోని ఒక ఫ్లాస్కు కడిగించు" అన్నారు.

శిక్ష ఇంతేనా అని మల్లప్ప లోలోపల సంతోషించి, గొంగడి పక్కన పెట్టి, ఫ్లాస్కు తళతళలాడేలా కడిగాడు. ప్రవళిక ఇచ్చిన కొత్త మ్యాగ్నెట్ వేశాడు. పక్కనే నిలబడమంటే మూడు గంటలూ కదలకుండా నిలబడ్డాడు. చివరికి ప్లేటు మీద మూడు మచ్చలు తేలాయి.

"నాది పాసైందా బిడ్డా?" అని ప్రవళికను అడిగాడు.

"కాలే తాతా."

"నాకెర్కే. ఏడో తరగతి గూడ గిట్లనే అయింది."

బయట వేపచెట్టు నీడలో గుర్వమ్మ పక్కన కూర్చుని అతను మెల్లగా అన్నాడు. "దాసుడెందుకే? రేపు గా కమిటీ ముంగట వస్తువు వెట్టి, తప్పైందని దండం వెట్టు. గొర్రెను తోల్కపోయినోడు గూడ గొర్రెను దెచ్చి ముంగట నిలవెడితె పంచాయితి ఆడికే తెగుతది."

"చెప్తె ఇద్దరు సార్లు తన్నుకుంటరయ్యా."

"తన్నుకోనియ్. మనకు శుక్రారం తొట్టెల ఉన్నది."

అటు ప్రవళిక కమిటీ ముందు చదవవలసిన కాగితాలు తయారుచేస్తూ, ప్రయోగ పరిస్థితులు రాసే చోట పెన్ను ఆపింది. "సార్, గిది రాస్తె నవ్వుతరు. నా పేరు కొట్టేస్తరు."

"నవ్వితె నవ్వనియ్. ఇన్ని సార్లు చేసి చూసినం. చూసింది రాయి."

ఆమెకు ఏడుపు వచ్చింది. అబద్ధం రాస్తే పట్టుబడుతుంది, నిజం రాస్తే నవ్వులపాలవుతుంది, ఏమీ రాయకపోతే ఇంటికి పోవాలి. కళ్లు తుడుచుకుని రాసింది: డెబ్బై డిగ్రీలు, మూడు గంటలు, గుర్వమ్మ.

గురువారం కమిటీలో ముగ్గురున్నారు. ప్రిన్సిపాల్ రామచంద్రం గారు, కాలేజీ తరఫున విజేందర్ సారు, హైదరాబాదు నుంచి వచ్చిన బెంజమిన్ గారు. ఈ మూడోవారిది చిన్న పేరు కాదు. లోహం అన్నదే లేకుండా బెంజీన్ వలయాలను కలిపి చూపించిన మనిషి ఆయన. ఆ ఒక్క ప్రయోగంతో పదిహేనేళ్లుగా శాలువాలు కప్పించుకుంటూనే ఉన్నారు. ఆయన కళ్లజోడు సర్దుకుని ప్రవళిక కాగితం చదివారు. రెండోసారి చదివారు.

"గుర్వమ్మ అంటే ఏ రకం పదార్థం?"

"పదార్థం కాదు సార్. మనిషి."

"ఎంత మోతాదు వాడారు?"

"ఒక్కరే సార్. ఇంకొకరు లేరు."

"బదులుగా మరెవరినైనా వాడి చూశారా?"

"ఆమె భర్తతోని చేసినం సార్. పని చెయ్యలే."

విజేందర్ సారు దగ్గు వచ్చినట్టు కర్చీఫు నోటికి అడ్డం పెట్టుకున్నారు. దామోదర్ సారు గోడ గడియారం చూస్తూ కూర్చున్నారు. బెంజమిన్ గారు మాత్రం నవ్వకుండా లేచి నిలబడ్డారు. "పదండి, చూద్దాం."

అందరూ ల్యాబుకు వచ్చారు. మెత్తటి కుర్చీలో గుర్వమ్మ బిగుసుకుని కూర్చుని ఉంది. వెనక మల్లప్ప గొంగడితో నిలబడి ఉన్నాడు.

"అమ్మా, రోజూ ఎలా చేస్తారో అలాగే చేసి చూపించండి" అన్నారు బెంజమిన్ గారు.

నేరం ఎలా చేశావో చేసి చూపించమని పోలీసులు అడుగుతారని గుర్వమ్మ విని ఉంది. మల్లప్ప వెనక నుంచి గొంతు సవరించాడు. ఆమె లేచి, కొంగు ముడి విప్పి, తెల్లటి మ్యాగ్నెట్ తీసి బల్ల మీద పెట్టి, నలుగురికీ కలిపి ఒకే దండం పెట్టింది.

"తప్పైంది సారూ. మనది తూముల వడిపోయింది. గీ విజేందర్ సారుది దెచ్చిన. గా రోజు లెక్కనే చెయ్యుమంటె రోజు దెచ్చిన, మళ్ల రోజు ఆన్నే వెట్టిన. నేను దాసుకోలే. వేలిముద్రలు మీకాడనే ఉన్నయి."

ముందు తేరుకున్నది విజేందర్ సారు.

"నా మ్యాగ్నెట్! నీ పరిశోధనంత నా సొమ్ము మీద నడిచిందా?"

"నీ తొక్కు కంపుల ఏడాది నడిపిన, నీ మ్యాగ్నెట్ ఒక లెక్కనా?" అన్నారు దామోదర్ సారు.

నాలుగేళ్ల తర్వాత ఇద్దరూ మాట్లాడుకున్నారని రామచంద్రం గారు మొదట సంతోషించారు గానీ, ఫ్రిజ్ సంగతి, అంతకు ముందటి కుర్చీ సంగతి, ఎప్పటిదో గొడుగు సంగతి వరసగా బయటికి రావడంతో మధ్యలో నిలబడవలసి వచ్చింది. బెంజమిన్ గారు అవేమీ పట్టించుకోకుండా మ్యాగ్నెట్‌ను కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశారు. దాని ఒంటి నిండా సన్నటి గీతలు, గీతల్లో నల్లటి మసి.

"విజేందర్ గారూ, దీన్ని ఏ ప్రయోగాలకు వాడతారు?"

"పల్లేడియంకు సార్. ఆరేడేళ్ల సంది గదొక్కటే పని."

ప్రవళికకు ఇప్పుడు అర్థమైంది. అంటే పల్లేడియమే. గీతల్లో ఇరుక్కుని, ఎంత కడిగినా పోకుండా, కంటికి కనబడనంత ఉండి, రోజూ తన ఫ్లాస్కులో పని చేసి పోయింది. ఇనుప పొడి చేసింది ఏమీ లేదు. తన పరిశోధన శీర్షికే అబద్ధం. పేరు కొట్టేయడానికి ఇప్పుడు కారణం కూడా దొరికింది. బాపు మొహం గుర్తొచ్చింది.

కానీ బోర్డు మీద గళ్లు అలాగే ఉన్నాయి. అందులో ఒక్కటీ ఊహించి రాసింది కాదు. కర్పూరం నుంచి మల్లప్ప దాకా తాను నిలబడి చేసింది, చూసింది. ఆమెకు దుఃఖం కంటే రోషం ముందు వచ్చింది.

"సార్, నేను కారణం తప్పు చెప్పిన. చూసింది తప్పు చెప్పలే. మూడు గంటలు టైమియ్యున్రి."

బెంజమిన్ గారు తల ఊపారు. ఆమె అందరి ముందూ రెండు ఫ్లాస్కులు పెట్టింది. రెంటినీ గుర్వమ్మతోనే కడిగించింది. మందులు ఒకటే, వేడి ఒకటే. ఒకదాంట్లో బీరువాలోని కొత్త మ్యాగ్నెట్, ఇంకోదాంట్లో విజేందర్ సారు పాతది. కమిటీ క్యాంటీనులో భోంచేసి వచ్చేసరికి మూడు గంటలు అయ్యాయి. కొత్త మ్యాగ్నెట్ ప్లేటు మీద మూడు మచ్చలు, పాత మ్యాగ్నెట్ ప్లేటు మీద ఒక్కటి.

"ఇనుము పని చెయ్యలే సార్. పూజ పని చెయ్యలే. అవ్వ చెయ్యి గూడ కాదు" అంది ప్రవళిక. "కానరాని పల్లేడియం పని చేసింది. లోహం లేదనుకున్నకాడ లోహం ఉండొచ్చు. గిదే నా థీసిస్. శీర్షిక మారుస్త."

"బాగుంది" అన్నారు బెంజమిన్ గారు.

"సార్, ఒక మాట అడగొచ్చునా? మీ ప్రయోగంల లోహం లేదు గద. అప్పుడు మ్యాగ్నెట్ కొత్తది వాడిన్రా, పాతది వాడిన్రా?"

ఆమె నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. బెంజమిన్ గారు కళ్లజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు, మళ్లీ తీశారు. మల్లప్ప జాలిపడి మంచినీళ్ల గ్లాసు అందించాడు. ఆయన ఒక్క గుక్కలో తాగారు.

"ఆ రోజుల్లో మ్యాగ్నెట్ అంటే మ్యాగ్నెటే అనుకునేవాళ్లం" అని, జేబులోంచి పెన్ను తీసి, మిగతా ఇద్దరి కంటే ముందు తానే సంతకం పెట్టారు. థీసిస్ వెంటనే సమర్పించవచ్చు, ఇక ప్రశ్నలు అక్కరలేదు, ముఖ్యంగా ఆ అమ్మాయిని ప్రశ్నలు అడగనివ్వడం అక్కరలేదు అన్నట్టు కాగితం రామచంద్రం గారి వైపు తోశారు. మూడు సంతకాలూ పడ్డాయి. విజేందర్ సారు మ్యాగ్నెట్ వెనక్కి ఇమ్మన్నారు, దామోదర్ సారు అది ఇప్పుడు సాక్ష్యమని జేబులో వేసుకున్నారు, పోట్లాట మళ్లీ మొదలైంది.

ప్రవళిక వచ్చి గుర్వమ్మను గట్టిగా పట్టుకుంది. సంతోషానికి కళ్లలో నీళ్లు ఆగలేదు.

"కేసు లేదా బిడ్డా?" అంది గుర్వమ్మ, ఇంకా నమ్మకం కుదరక.

"కేసు లేదు, ఏం లేదు. నువ్వు నన్ను గట్టెక్కిచ్చినవ్ అవ్వా. పో, తొట్టెలకు పో."

భార్యాభర్తలు సాయంత్రం బస్సుకు దేవరకొండ బయలుదేరారు. దామోదర్ సారు దృష్టి మళ్లీ తన చేతుల మీద పడకుండా మల్లప్ప గేటు దాటే వరకు వాటిని గొంగడిలోనే దాచుకున్నాడు.

బెంజమిన్ గారి కారు నల్గొండ ఊరు దాటకముందే ఆయన హైదరాబాదులోని తన ల్యాబుకు ఫోను చేసి, పాత మ్యాగ్నెట్లు ఒక్కటి కూడా పారేయొద్దని చెప్పారు.